మూడేళ్ల బిడ్డకు మాత్ర: పరీక్షకు డబ్బు ఎవరిచ్చారు?

2000 ఫిబ్రవరి 23న అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి పత్రికలో ఒక పరిశోధనా వ్యాసం అచ్చయింది. రాసినవారు మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలీ మాగ్నో జిటో, ఆమె సహచరులు. వాళ్లు కొత్త మందూ కనిపెట్టలేదు, కొత్త జబ్బూ కనిపెట్టలేదు. మందుల చీటీల లెక్క తీశారు, అంతే. 1991, 1993, 1995 సంవత్సరాల్లో రెండు రాష్ట్రాల మెడికెయిడ్ పథకాల్లోనూ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా), ఒక ప్రైవేటు ఆరోగ్య సంస్థలోనూ ఉన్న రెండు లక్షల పైచిలుకు పిల్లల లెక్క అది. ఆ పిల్లల వయసు రెండు నుంచి నాలుగేళ్లు. ఆ కొద్ది కాలంలోనే ఉత్తేజక మందుల వాడకం చోటును బట్టి 1.7 రెట్ల నుంచి 3.1 రెట్ల దాకా పెరిగింది. వాటిలో ముఖ్యమైనది రిటాలిన్ అనే పేరుతో అందరికీ తెలిసిన మిథైల్‌ఫెనిడేట్.

ఆ రిటాలిన్‌తో పాటు వచ్చే సమాచార పత్రంలో ఏముందంటే, ఆరేళ్ల లోపు పిల్లలకు ఇది క్షేమమని గానీ, పనిచేస్తుందని గానీ రుజువు కాలేదు, కాబట్టి వాడవద్దు అని. అంటే కంపెనీ వద్దంటోంది, ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు, డాక్టర్లు మాత్రం రాస్తున్నారు. ఇందులో చట్ట విరుద్ధం ఏమీ లేదు. అనుమతి ఉన్న మందును అనుమతి లేని వయసు వారికి రాసే స్వేచ్ఛ అక్కడి డాక్టర్లకు ఉంది.

ఆ వ్యాసం మీద పెద్ద దుమారమే లేచింది. నెల తిరగకుండానే, మార్చి 20న, అప్పటి అధ్యక్షుడి భార్య హిల్లరీ క్లింటన్ వైట్‌హౌస్‌లో సమావేశం పెట్టి కొన్ని చర్యలు ప్రకటించారు. వాటిలో ఒకటి, బడి ఈడు రాని పిల్లల్లో ఏడీహెచ్‌డీ చికిత్స మీద జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ (ఎన్ఐఎంహెచ్) ద్వారా పరిశోధన. దానికి చెప్పిన మొత్తం సుమారు 50 లక్షల డాలర్లు. మనకు పెద్ద మొత్తంగా కనబడవచ్చు గానీ అమెరికా వైద్య పరిశోధనల బడ్జెట్‌లో అది చిల్లర కింద లెక్క.

ఈ చిల్లర కథే ఇక్కడ చెప్పదలచుకున్నాను. ఎందుకంటే మన హేతువాద మిత్రుల్లో ఏడీహెచ్‌డీ ప్రస్తావన వస్తే రెండు రకాల మాటలు వినబడతాయి. "అంతా మందుల కంపెనీల సృష్టి, మా చిన్నప్పుడు ఇలాంటి జబ్బులు లేవు" అనేది ఒకటి. "సైన్సు ఒప్పుకుంది కదా, ఇంకా ప్రశ్న ఏమిటి" అనేది రెండోది. రెండూ ఆలోచించే శ్రమను తప్పించే మాటలే. ఏ వయసు వారి మీద, ఏ మోతాదు, ఎన్నాళ్లు, ఎవరి డబ్బుతో పరీక్షించారు అని అడిగితే ఈ రెండు మాటలూ నిలవవు.

మొదట జబ్బు గురించి నాలుగు మాటలు. కుదురుగా ఒకచోట నిలవలేకపోవడం, దేనిమీదా ధ్యాస ఆగకపోవడం, ముందువెనుకలు చూడకుండా మీద పడిపోవడం. ఇవి వయసుకు మించి, ఇంట్లోనూ బయటా, నెలల తరబడి ఉండి బిడ్డ జీవితాన్ని దెబ్బతీస్తుంటే ఆ పేరు పెడతారు. లండన్‌లో జార్జి స్టిల్ అనే పిల్లల వైద్యుడు 1902లోనే ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. కాబట్టి కంపెనీలు పుట్టించిన జబ్బు అనడానికి వీల్లేదు. అయితే మూడేళ్ల బిడ్డ దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఆ వయసులో ఏ బిడ్డ కుదురుగా కూర్చుంటుంది? ఏది అల్లరి, ఏది జబ్బు? బడికి వెళ్లే వయసులోనే ఈ గీత ఎంత పలచనిదో చూడండి. సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండాలనే నిబంధన ఉన్న అమెరికా రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టిన పిల్లలకు ఏడీహెచ్‌డీ అని తేల్చడం సెప్టెంబరులో పుట్టినవారి కంటే 34 శాతం ఎక్కువని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆగస్టు పిల్లలు తరగతిలో అందరికంటే చిన్నవాళ్లు, సెప్టెంబరు పిల్లలు అందరికంటే పెద్దవాళ్లు. మనవైపైతే ఈ తేడాకు జాతక చక్రం వేసి సింహరాశి మీదికి నెట్టేసేవారు!

ఇక మందు చరిత్ర. దీని మొదటి పెట్టుబడి ప్రభుత్వానిదీ కాదు, కంపెనీదీ కాదు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో జార్జి బ్రాడ్లీ అనే ధనికుడి కూతురు ఎమ్మా చిన్నతనంలో మెదడువాపు వచ్చి శాశ్వతంగా దెబ్బతింది. ఆమె పేరు మీద ఆయన రాసిచ్చిన ఆస్తితో 1931లో పిల్లల ఆసుపత్రి ఒకటి తెరిచారు. అక్కడి వైద్యుడు, ఆ కుటుంబానికే చెందిన చార్లెస్ బ్రాడ్లీ, మెదడు ఎక్స్‌రే కోసం వెన్నులో నీరు తీసిన పిల్లలకు వచ్చే విపరీతమైన తలనొప్పికి బెంజెడ్రిన్ అనే యాంఫెటమిన్ మందు ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు గానీ పిల్లలు బడి పాఠాల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. 1937లో 30 మంది పిల్లల వివరాలు ప్రచురించాడు. వారిలో సగానికి కొద్దిగా తక్కువ మందిలో చదువులో స్పష్టమైన మార్పు కనబడిందన్నాడు. ఆ పిల్లల వయసు 5 నుంచి 14. ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడడం లాంటి పద్ధతులు అప్పటికి అలవాటులోకి రాలేదు.

రిటాలిన్ సంగతి ఇంకా తమాషా. స్విట్జర్లాండులో సీబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు లియాండ్రో పానిజాన్ 1944లో మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. రక్తపోటు తక్కువగా ఉండే ఆయన భార్య మార్గరీట్ టెన్నిస్ ఆడేముందు దాన్ని వేసుకునేదట. ఆమె ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదనే రిటాలిన్. 1950ల మధ్యలో అది మార్కెట్లోకి వచ్చింది పెద్దవాళ్ల నీరసానికి, దిగులుకు. పిల్లల మందు అవుతుందని అప్పుడెవరూ అనుకోలేదు.

పిల్లల మీద పద్ధతి ప్రకారం పరీక్షలు మొదలైనది ప్రజాధనంతోనే. ఎన్ఐఎంహెచ్ 1950ల చివరలో పిల్లల మనోవ్యాధుల మందులకు గ్రాంటులు ఇవ్వసాగింది. జాన్స్ హాప్కిన్స్‌లో లియాన్ ఐసెన్‌బర్గ్, కీత్ కానర్స్ ఆ డబ్బుతోనే పని చేసి 1963లో మిథైల్‌ఫెనిడేట్ ఫలితాలు ప్రచురించారు. అదంతా బడికి వెళ్లే పిల్లల మీద.

1970లో ఒమహా నగరంలో 5 నుంచి 10 శాతం బడి పిల్లలకు ఈ మందులు ఇస్తున్నారని వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఆ అంకె సరైనది కాదని తర్వాత తేలినా, గల్లాఘర్ అనే కాంగ్రెస్ సభ్యుడు ఆ ఏడాది సెప్టెంబరులో విచారణ జరిపాడు. ప్రజలు భయపడ్డారు, పత్రికలు అరిచాయి. పిల్లలకు మందులివ్వడం మీద ఆ రోజు మొదలైన గొడవ ఇప్పటికీ ఆగలేదు.

మరి చిన్నపిల్లల మీద ఎందుకు పరీక్షించలేదు? థాలిడోమైడ్ విషాదం తర్వాత 1962లో అమెరికా చట్టం మారింది. మందు పనిచేస్తుందని రుజువు చూపితేగాని అమ్మడానికి వీల్లేదు. మంచి చట్టమే. కానీ పెద్దల మీద రుజువు చూపిన కంపెనీ, పిల్లల సంగతి వచ్చేసరికి "ఈ వయసులో పరీక్షించలేదు" అని ఒక వాక్యం అచ్చువేసి చేతులు దులుపుకుంది. హారీ షర్కీ అనే వైద్యుడు 1960లలో ఇలాంటి పిల్లలకు "చికిత్సా అనాథలు" అని పేరు పెట్టాడు. కంపెనీ వైపు నుంచి ఆలోచిస్తే దాని లెక్క దానిది. మూడేళ్ల పిల్లల మీద పరీక్ష అంటే ఖర్చు, కోర్టు భయం, చెడ్డపేరు. పరీక్షించకపోయినా డాక్టర్లు ఎలాగూ రాస్తున్నారు. పరీక్షిస్తే పనిచేయదని తేలవచ్చు. అప్పుడు ఉన్న అమ్మకమూ పోతుంది. 1997లో ఒక చట్టం, పిల్లల మీద పరీక్షలు చేసిన కంపెనీకి ఆరు నెలలు అదనంగా గుత్తాధిపత్యం ఇస్తామంది. కానీ మిథైల్‌ఫెనిడేట్ పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా తయారుచేసుకోగల పాత మందుకు ఆరు నెలల ఎర ఏం పనికొస్తుంది? అదే మందును రోజంతా పనిచేసేలా కొత్త బిళ్లలో పెట్టి కన్సెర్టా అనే పేరుతో 2000లోనే అనుమతి తెచ్చుకున్నారు. ఆ అనుమతి కూడా ఆరేళ్లు పైబడినవారికే.

ఇంకో విచిత్రం. యాంఫెటమిన్ జాతి మందుల్లో కొన్నింటికి అనుమతి మూడేళ్ల నుంచే ఉంది! మిథైల్‌ఫెనిడేట్ కంటే అవేవో ఎక్కువ పరీక్షకు నిలిచాయి కాబోలు అనుకుంటాం. సంగతి అది కాదు. ఆ అనుమతి ఇచ్చిన పాతరోజుల్లో నిబంధనలు సడలుగా ఉన్నాయని, ఆ వయసు పిల్లల మీద క్షేమానికి గానీ ఫలితానికి గానీ రుజువు చూసి ఇచ్చింది కాదని, అమెరికా పిల్లల వైద్యుల అకాడమీయే 2011లో రాసింది. తాళపత్రంలో ఉంది గనుక సత్యం అనే వాదానికి, పాత లేబులు మీద ఉంది గనుక క్షేమం అనే వాదానికి తేడా నాకైతే కనబడదు.

ఇప్పుడు ఒక చిన్న పక్కదారి. పరీక్ష అంటే మందు ఇచ్చి బిడ్డ ఎలా ఉందో తల్లిని అడగడం కాదా, దానికి లక్షల డాలర్లు ఎందుకు అనే సందేహం రావచ్చు. 1994లో వచ్చిన ఒక ప్రయోగం చూడండి. తీపి తింటే మా వాడు అల్లరి చేస్తాడని నమ్మే తల్లుల కొడుకులను, అయిదు నుంచి ఏడేళ్లవారిని, 35 మందిని తీసుకున్నారు. అందరికీ ఇచ్చింది చక్కెర లేని తీపి పానీయమే. సగం మంది తల్లులకు మాత్రం బిడ్డకు చక్కెర బాగా ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకు తమ బిడ్డ మరింత అల్లరి చేస్తున్నట్టు కనబడింది. వాళ్లు బిడ్డలను ఎక్కువగా కనిపెట్టుకుని ఉన్నారు, ఎక్కువగా తప్పులు పట్టారు. అదే ఏడాది వోల్రైచ్ బృందం మూడు నుంచి అయిదేళ్ల పిల్లలతో సహా కొన్ని కుటుంబాలకు వారాల తరబడి భోజనం తామే సమకూర్చి, చక్కెర ఎప్పుడుందో ఎప్పుడు లేదో ఎవరికీ తెలియకుండా చూసి పరీక్షించింది. ప్రవర్తనలో తేడా లేదు. చక్కెర విషయంలోనే కన్నతల్లి కళ్లు ఇంత మోసపోతే, మందు విషయంలో మోసపోవని నమ్మకమేమిటి? తాయెత్తు కట్టాక "మా బాబు కుదుటపడ్డాడు" అనే తల్లి కూడా అబద్ధం చెప్పడం లేదు. ఆమె చూసిందే చెబుతోంది. అందుకే ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తెలియని పరీక్ష కావాలి. అది ఖరీదైన పని.

ఆ ఖరీదైన పనే 2001లో మొదలైంది. పొట్టిగా 'పాట్స్' అంటారు. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ గ్రీన్‌హిల్ నాయకత్వంలో ఆరు విశ్వవిద్యాలయాల్లో నడిచింది. డబ్బు ఎన్ఐఎంహెచ్‌ది. అంతకుముందు ఈ వయసు పిల్లల మీద పరీక్షలు అసలే లేవని కాదు. 1975లో మాంట్రియల్‌లో జరిగింది, మరికొన్ని చోట్ల జరిగాయి. కానీ ఒక్కొక్కదానిలో పిల్లల సంఖ్య పదుల్లోనే.

పాట్స్ నడిపిన తీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మూడేళ్ల నుంచి అయిదున్నరేళ్ల లోపు పిల్లలు 303 మందిని తీసుకున్నారు. జబ్బు తీవ్రంగా ఉన్నవారినే తీసుకున్నారు. మొదట ఎవరికీ మందు లేదు. తల్లిదండ్రులకు పది వారాల శిక్షణ. బిడ్డతో ఎలా మాట్లాడాలి, ఏది చూసీ చూడనట్టు వదలాలి, ఏది వెంటనే మెచ్చుకోవాలి, రోజుకు ఒక క్రమం ఎలా పెట్టాలి వగైరా. అది సరిపోని పిల్లలు, తల్లిదండ్రులు మళ్లీ ఒప్పుకుంటేనే, తర్వాతి మెట్టుకు వెళ్లారు. మెట్టు మెట్టుకూ కొత్తగా సంతకం. శిక్షణ తర్వాత చాలామంది తల్లిదండ్రులు మందు దాకా రాలేదు. మోతాదు పరీక్షకు మిగిలింది 165 మంది. వీరిలో ప్రతి బిడ్డకూ అయిదు వారాల్లో వారానికొకటి చొప్పున నాలుగు మోతాదులు, ఒక ఉత్తుత్తి మాత్ర, ఏ వారం ఏదో తెలియకుండా ఇచ్చారు. మోతాదులు పూటకు 1.25 మిల్లీగ్రాముల నుంచి 7.5 దాకా, రోజుకు మూడు పూటలు. అంటే ప్రతి బిడ్డా తనకు తానే పోలిక.

2006 నవంబరులో ఫలితాలు వచ్చాయి. మందు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేనని తేలింది. కానీ బడి పిల్లల్లో కనబడినంత మెరుగు కాదు. లక్షణాలు దాదాపు సర్దుకున్నాయనదగిన స్థితికి వచ్చినవారు తమకు సరిపడిన మోతాదు మీద 21 శాతం. ఉత్తుత్తి మాత్ర మీద కూడా 13 శాతం వచ్చారు. ఈ రెండో అంకెను గుర్తుపెట్టుకోండి. ఏ పరీక్షా లేకుండా వాడితే ఆ 13 శాతమూ మందు ఖాతాలోనే పడేది. మందు పడక మానుకున్నవారు 11 శాతం. చిరాకు, ఏడుపు, నిద్ర లేమి, ఆకలి మందగించడం ముఖ్యమైన ఇబ్బందులు. మందు మీద కొనసాగిన పిల్లల ఎదుగుదల కొలిస్తే, ఏడాదికి పెరగవలసిన ఎత్తులో 20 శాతం, బరువులో 55 శాతం తగ్గింది. ఎత్తులో అది సుమారు 1.4 సెంటీమీటర్లు, బరువులో 1.3 కిలోలు. మూడేళ్ల బిడ్డకు కిలో బరువు అంటే ఏమిటో తల్లులకు చెప్పనక్కరలేదు.

ఈ అంకెలను ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకున్నారు. మందును సమర్థించేవారు "పనిచేస్తుందని తేలింది" అన్నారు. వ్యతిరేకులు "పసిపిల్లలను ఎలుకలుగా వాడారు" అన్నారు. ఈ రెండో విమర్శ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. పరీక్ష జరగక ముందు వేల మంది పసిపిల్లలు అదే మందు మింగుతున్నారు కదా! వారిని ఎవరూ తూచలేదు, ఎత్తు కొలవలేదు, మానిపిస్తే ఏమవుతుందో చూడలేదు. పర్యవేక్షణ సంఘం, సంతకాలు, వారం వారం పరీక్షలు ఉన్న 165 మంది ప్రయోగశాల ఎలుకలైతే, ఏ లెక్కా లేకుండా మందు తిన్నవారిని ఏమనాలి? ఈ వ్యతిరేకతలో పెద్ద గొంతు సైంటాలజీ అనే మతానిదని కూడా గుర్తుంచుకోవాలి. మానసిక వైద్యం మొత్తాన్నే శత్రువుగా చూసే ఆ సంస్థ 1980ల చివరలోనే రిటాలిన్ మీద దండయాత్ర చేసింది. కంపెనీని అనుమానించేవాడల్లా మన స్నేహితుడు కాదు.

అలాగని కంపెనీల మీద అనుమానం అక్కరలేదని కాదు. హార్వర్డ్‌కు చెందిన జోసెఫ్ బీడర్‌మన్ పిల్లల మానసిక వైద్యంలో మహా పలుకుబడి గల మనిషి. 2000 నుంచి 2007 దాకా మందుల కంపెనీల నుంచి ఆయనకు అందిన సుమారు 16 లక్షల డాలర్లలో చాలా భాగాన్ని విశ్వవిద్యాలయానికి సరిగా తెలియజేయలేదని 2008లో సెనేటర్ గ్రాస్లీ విచారణ బయటపెట్టింది. కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే డబ్బు బహిరంగంగా ప్రకటించాలనే చట్టం 2010లో వచ్చిందంటే ఇలాంటి ఉదంతాల పుణ్యమే.

పాట్స్ పిల్లలను తర్వాత కూడా వదలలేదు. ఆరేళ్ల తర్వాత చూసిన ఫలితం 2013లో వచ్చింది. కలిసిన 186 మందిలో 89 శాతానికి ఇంకా ఏడీహెచ్‌డీ ఉంది. ఎదిగితే పోతుందిలే అనే ఓదార్పు, తీవ్రమైన పిల్లల విషయంలోనైనా, నిలవలేదు. అప్పటికి మందు వాడుతున్నవారికీ వాడనివారికీ లక్షణాల తీవ్రతలో పెద్ద తేడా కనబడలేదు. అయితే తీవ్రంగా ఉన్నవారే మందు కొనసాగించి ఉండవచ్చు గనుక దీన్ని బట్టి మందు వృథా అని తేల్చడం తొందరపాటు.

ఇక మందు కాని చికిత్స. తల్లిదండ్రులకు శిక్షణ. దీని కథ మందు కథ కంటే నాకు ఆసక్తికరంగా ఉంటుంది. దీనికి పేటెంటు లేదు, దీన్ని డాక్టర్ల గదుల్లో పొగడడానికి ప్రతినిధులు లేరు. ఇంగ్లండులో సౌతాంప్టన్‌కు చెందిన ఎడ్మండ్ సొనూగా-బార్క్ బృందం 2001లో 78 మంది మూడేళ్ల పిల్లల కుటుంబాలతో పరీక్ష చేసింది. ఇంటికే వెళ్లి శిక్షణ ఇస్తే లక్షణాలు బాగా తగ్గాయి. అందరూ సంతోషించారు. 2004లో అదే శిక్షణను ప్రత్యేక నిపుణులతో కాక మామూలు ఆరోగ్య కార్యకర్తలతో ఇప్పించి చూశారు. ఫలితం రాలేదు! అమెరికాలో వూస్టర్ పట్టణంలో బార్క్లీ బృందం 158 మంది కిండర్‌గార్టెన్ పిల్లలతో ఏడాది పాటు చేసిన ప్రయత్నం ఇంకా నిరాశ కలిగించింది. తల్లిదండ్రుల్లో చాలామంది శిక్షణకు రానేలేదు. తరగతి గదిలో చేసిన మార్పులు పనిచేశాయి గానీ రెండేళ్ల తర్వాత చూస్తే ఆ మేలు కరిగిపోయింది. 2013లో సొనూగా-బార్క్, మరికొందరు కలిసి అన్ని పరీక్షలనూ గుదిగుచ్చి చూస్తే, చికిత్స ఎవరికి అందిందో తెలియని పరిశీలకులు వేసిన మార్కుల్లో శిక్షణ వల్ల కలిగే లాభం బాగా కుంచించుకుపోయింది. శిక్షణ పొందిన తల్లే మార్కులు వేస్తే చక్కెర తల్లుల కథే మళ్లీ. తన పద్ధతి బలహీనతను తానే ఎత్తిచూపిన ఈ పరిశోధకుణ్ణి మన ఆయుర్వేద, హోమియో ప్రచారకులు ఒక్కసారి చూసి నేర్చుకోవాలి.

అయినా శిక్షణ దండగ అని ఎవరూ అనలేదు. లక్షణాల సంగతి ఎలా ఉన్నా ఇంట్లో తిట్లు, దెబ్బలు తగ్గుతాయి, తల్లికి ధైర్యం వస్తుంది, బిడ్డ మొండితనం తగ్గుతుంది. పైగా దానివల్ల ఎవరి బరువూ తగ్గదు. 2011లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి కెనడా పరిశోధకులతో ఆధారాలన్నీ తూకం వేయించింది. బడి ఈడు రాని పిల్లల విషయంలో తల్లిదండ్రుల శిక్షణకు ఆధారం బలంగా ఉందని, మిథైల్‌ఫెనిడేట్‌కు బలహీనంగా ఉందని తేలింది. ఎందుకు బలహీనం? చెప్పుకోదగ్గ పెద్ద పరీక్ష పాట్స్ ఒక్కటే గనుక. ఆ ఏడాదే పిల్లల వైద్యుల అకాడమీ నాలుగైదేళ్ల వారికి మొదట శిక్షణ, అది చాలకపోతేనే మందు అని మార్గదర్శకాలు రాసింది. 2019లోనూ అదే మాట. బ్రిటన్ 2008లో బడి ఈడు రాని పిల్లలకు మందే వద్దంది. 2018లో దాన్ని కొంచెం సడలించి, రెండో నిపుణుడి అభిప్రాయం తీసుకుంటేగాని వద్దంది.

కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది కదా. ఆచరణ చూడండి. ఏడీహెచ్‌డీ చికిత్సలో ఉన్న రెండు నుంచి అయిదేళ్ల అమెరికా పిల్లల్లో సుమారు 75 శాతం మందు తీసుకుంటున్నారని, ఏదో ఒక మానసిక సేవ అందినవారు సగం మాత్రమేనని 2016లో వారి వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పింది. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన లెక్కలో, మూడు నుంచి అయిదేళ్ల మధ్య ఈ జబ్బు తేలిన 9,708 మందిలో 42 శాతానికి నెల తిరగకముందే మందు రాశారు. మార్గదర్శకం ప్రకారం ముందు చేయవలసిన శిక్షణకే వారాలు, నెలలు పడుతుంది.

దీనికి డాక్టర్లను తిట్టి లాభం లేదు. మాత్ర ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది, బీమా డబ్బిస్తుంది. శిక్షణ ఇచ్చేవారు దొరకరు, దొరికినా వరుసలో నెలలు ఆగాలి. ఈలోగా బిడ్డను బడిలోంచి పంపేస్తారు. అతిశయోక్తి కాదు. అమెరికాలో ప్రభుత్వ పూర్వ ప్రాథమిక తరగతుల నుంచి పిల్లలను తీసివేసే రేటు పెద్ద బడుల కంటే మూడు రెట్లు పైనే అని యేల్‌కు చెందిన వాల్టర్ గిలియమ్ 2005లో లెక్క తేల్చాడు. ఉద్యోగాలకు వెళ్లే మన తెలుగు దంపతులు అక్కడ వేల మంది ఉన్నారు. అమ్మమ్మ, నాయనమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చి వెళ్లిపోతారు. "మీ అబ్బాయిని రేపటి నుంచి తీసుకురాకండి" అని డే కేర్ నుంచి ఫోనొస్తే, శిక్షణ కోసం నాలుగు నెలలు ఆగే వెసులుబాటు వాళ్లకెక్కడిది?

ప్రజాధనం వల్ల ఏమి తెలుస్తుందో చూపే మరో ఉదాహరణ బ్రిటన్‌ది. ఆహార రంగుల వల్ల పిల్లల్లో అతిచురుకుదనం వస్తుందా అన్న వివాదం 1970ల నుంచీ ఉంది. రంగుల వ్యాపారి దీన్ని తేల్చడానికి డబ్బు పెట్టడు గదా! బ్రిటన్ ప్రభుత్వ ఆహార ప్రమాణాల సంస్థ పెట్టింది. 153 మంది మూడేళ్ల పిల్లలు, 144 మంది ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలతో జరిగిన ఆ పరీక్ష 2007లో లాన్సెట్‌లో వచ్చింది. ప్రభావం చిన్నదే గానీ ఉంది. 2010 జులై నుంచి ఐరోపా దేశాల్లో ఆరు రంగులు వాడిన తినుబండారాల మీద హెచ్చరిక వేయడం తప్పనిసరి అయింది.

కంపెనీలు కూడా చట్టం మెడ మీద కూర్చుంటే పరీక్షలు చేస్తాయి. ఇటీవలి సంవత్సరాల్లో రోజంతా పనిచేసే రకం మందుల మీద ఆరేళ్ల లోపు పిల్లల్లో పరీక్షలు జరిగాయి. వాటి ఫలితాలు చూశాక, ఈ వయసు పిల్లల రక్తంలో మందు ఎక్కువగా చేరుతోందని, బరువు తగ్గే ప్రమాదం ఎక్కువగా ఉందని 2025 జూన్ 30న అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటి మందులన్నిటి లేబుళ్లనూ మార్పించింది. జిటో వ్యాసం వచ్చిన పాతికేళ్లకు!

ఇక మన సంగతి. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది, వీధి చివర మందుల షాపులో దొరకదు. కాబట్టి అమెరికా జబ్బు మనకింకా రాలేదు. కానీ మనకు తెలిసింది ఎంత? 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో నాడీ ఎదుగుదల లోపాల మీద అయిదు చోట్ల జరిగిన పెద్ద అధ్యయనం 2018లో ప్రచురితమైంది. పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవాతో పాటు మన హైదరాబాదు కూడా అందులో ఉంది. మొత్తం 3,964 మంది పిల్లలు. అందులో చూపు, వినికిడి, మూర్ఛ, ఆటిజం వంటివి రెండేళ్ల వయసు నుంచే చూశారు. ఏడీహెచ్‌డీని మాత్రం ఆరేళ్లు దాటినవారిలోనే లెక్కించారు. శాస్త్రపరంగా దానికి కారణం ఉంది, చిన్న వయసులో తేల్చడం కష్టం. ఫలితం ఏమిటంటే ఆరేళ్ల లోపు పిల్లలు ఆ లెక్కలోకే రాలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీకి వచ్చే బృందం చూడవలసిన జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆ పేరు లేదు. అంటే జబ్బు ఉందని గుర్తించడానికి ఒక శాఖ ఉంది, గుర్తించాక ఆ తల్లికి చట్టప్రకారం హక్కు లేదు.

తెలుగులో, అంగన్‌వాడీ టీచరు నేర్పగలిగేలా, గుంటూరులోనో నల్గొండలోనో మామూలు కుటుంబాల మీద పోల్చి పరీక్షించిన శిక్షణ పాఠం కావాలంటే దానికి డబ్బు పెట్టవలసింది ఐసీఎంఆర్ లాంటి సంస్థలే. నిపుణులు చేస్తే పనిచేసినది మామూలు కార్యకర్తలు చేస్తే పనిచేయలేదని సౌతాంప్టన్ వాళ్లు 2004లోనే చూపారు కనుక, ఇంగ్లీషు పుస్తకాన్ని అనువదించి పంచితే చాలదు. ఎంత ఖర్చవుతుంది, ఎన్ని వారాలు పడుతుంది, బస్సు చార్జీలు లేక మానేసే తల్లులు ఎందరు, ఇవన్నీ ఇక్కడే కొలిచి చూడాలి. ఈలోగా మన టీవీ చానళ్లలో పొద్దున్నే పిల్లల చురుకుదనానికి, ఏకాగ్రతకు చుక్కలు, లేహ్యాలు అమ్ముతున్నారు. వాటిని ఎంతమంది పిల్లల మీద, దేనితో పోల్చి పరీక్షించారని ఫోను చేసి అడిగి చూడండి.